ముందు నడిచేవాడు

(ధారావాహిక: తొమ్మిదో భాగం)

జరిగింది రెండు ముక్కల్లో చెప్పుకుందాం. పెద్ద జనరల్ గారు చూడ్డానికి వచ్చిన రోజున, పడవల వంతెన ఆయన కళ్ళముందే నడుం విరిగి, మొదటి లారీ ఏట్లో పడింది. లారీ తోలుతున్నవాడు బతికి బయటపడ్డాడు గానీ తొడ ఎముక విరిగింది. వాడు మోకుకి స్వయానా బావమరిది. మోకు అంటే సైన్యంలో వంతెనలు కట్టే ఆ దళంలో తాళ్ళ జట్టుకి పెద్ద, సార్జెంటు. అసలు పేరు వేరే ఉంది గానీ దాన్ని పెళ్ళాం కూడా మర్చిపోయింది. పోయిన వారం విచారణ వేశారు. వేసిన రోజు నుంచీ తప్పు మెట్లు దిగడం మొదలుపెట్టింది. కర్నల్ గారి గదిలోంచి కెప్టెన్ దగ్గరికి, అక్కణ్ణుంచి తాళ్ళ షెడ్డుకి, షెడ్డు గుమ్మంలో కాసేపు తచ్చాడి చివరికి ఆసుపత్రి మంచం దాకా వెళ్ళింది. మంచం మీదున్నవాడు లేచి ఎక్కడికీ పారిపోలేడు గనక, అది అక్కడే కూర్చుంటే అందరికీ సుఖమని పెద్దలకు తోచింది. "బండి స్పీడుగా తోలాడు" అని మోకు ఒక్కమాట అంటే చాలు. ఇవాళే మోకు సాక్ష్యం.

ఆ పొద్దున మోకు హాయిగా నిద్రలేచాడు. వారం రోజులుగా పక్క మీద దొర్లిన మనిషి, రాత్రి పడుకున్నవాడు పడుకున్నట్టే తెల్లారేదాకా గుర్రుపెట్టాడు. గడ్డం గీసుకుంటూ ఈల కూడా వేశాడు. వంటింట్లో తమ్ముడికి ఫ్లాస్కులో టీ పోస్తున్న ఇల్లాలు ఆ ఈల విని మూత చేత్తో పట్టుకునే బయటికొచ్చింది.

"ఏంటండీ, పెళ్ళికెళ్తున్నట్టున్నారు?"

"మీవాడి గుండెల మీద బండ పెట్టారుగా, దించడానికెళ్తున్నా. గడ్డం గీసుకోకుండా వెళ్ళమంటావా?"

"దించుతారా, దాని మీద మీరూ ఎక్కి కూర్చుంటారా?"

మోకు నవ్వాడు. నిన్న ఆసుపత్రిలో బావమరిదిని చూసొచ్చాక ఆయనకు ఇలా మాటిమాటికీ నవ్వొస్తోంది. వాడి కాలిని పైకెత్తి, కప్పీ మీదుగా తాడు వేసి, చివర ఇనప బరువు వేలాడదీశారు. బావని చూడగానే వాడన్న మొదటి మాట, "బావా, ఈ తాడు ఎవడు కట్టాడోగానీ, నీ జట్టులో ఉంటే వాణ్ణి తన్ని తరిమేసేవాడివి."

ఆ తర్వాత వాడే అన్నాడు. "నేను స్పీడు తోలానంటున్నారంట కదా. నవ్వొస్తోంది బావా. నవ్వితే కాలు లాగుతోంది, అందుకని ఊరుకుంటున్నా. నాకెప్పుడూ ఎదురుగా ఒక వీపు కనపడుతుంది కదా, ఆ వీపు చూసుకునే తోలతాను. ఆరోజు వీపు లేదు. ఎవరొస్తారా అని చూశాను, ఎవరూ రాలేదు. జెండా ఊపేశారు. ఏం చేస్తాను? వీపు ఉన్నట్టే అనుకుని తోలాను."

వాడు చెప్పిన వీపు సంగతి ఆ దళంలో పాత ఆనవాయితీ. ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. ఏ వంతెన కట్టినా సరే, "వంతెన సిద్ధం" అని ఎవరి నోట వస్తుందో వాళ్ళే మొదటి లారీకి ముందు నడవాలి. లారీ వాళ్ళ వెనకాలే, మనిషి నడక మీద వస్తుంది. వీపు వెనక లారీ గుర్రుమంటుంటే, కాళ్ళకింద ఏరు పరుగెత్తుతుంటే నడవాల్సిన మనిషి ఊరికే నోరు జారడు కదా! మంచి ఆనవాయితీ. కాకపోతే ఆరోజు జనరల్ గారి పక్కన నిలబడి, మైకు పుచ్చుకుని "వంతెన సిద్ధం" అన్నది కర్నల్ గారు. అనేసి, జనరల్ గారు కుర్చీ చూపిస్తే కూర్చున్నారు.

అసలు తప్పు అంతకుముందే జరిగింది. పడవల వంతెన ఎప్పుడూ తిన్నగా ఉండకూడదు. ప్రవాహం వచ్చే వైపుకి కాస్త వంగి, విల్లులా ఉండాలి. బరువు పడ్డప్పుడు ఏరు నెడుతుంది, అప్పుడు తిన్నగా అయి అతుకులు బిగుసుకుంటాయి. ఇది దళంలో చేరిన మొదటి నెలలో అందరికీ నేర్పుతారు. కర్నల్ గారికీ తెలుసు, కెప్టెన్‌కీ తెలుసు, మోకుకీ తెలుసు. ఆఖరికి టీ ఇచ్చేవాడిక్కూడా తెలుసు. కానీ జనరల్ గారు కూర్చున్న చోటు నుంచి చూస్తే అది వంకరగా కనపడుతోంది. ఫొటో తీసేవాడు కూడా మెడ వంచి చూస్తున్నాడు. "అదేంటి అలా ఉంది? సాపు చేయించు, పరువు పోతుంది," అని కర్నల్ గారు గొణిగారు. కెప్టెన్ పరుగెత్తుకొచ్చి, "మోకు గారూ, సాపు చెయ్యాలి," అన్నాడు. మోకు ఎగువ తాళ్ళు వదులు చేయించాడు. వంతెన గీత గీసినట్టు అందంగా వచ్చింది. లారీ ఎక్కేదాకా.

ఆ మధ్యలో మోకు అన్నది ఒకే ఒక్క మాట. "సరే సార్."

"మీరు వాడికి బావ," అంది ఇల్లాలు, ఇస్త్రీ చొక్కా అందిస్తూ. "వాడి తప్పేం లేదని మీరంటే ఎవరు నమ్ముతారు? చుట్టాన్ని కాపాడుకుంటున్నాడంటారు."

"అందుకే ముందు నా తప్పు చెప్తా. బావమరిది కోసం అబద్ధమాడేవాడు ఉంటాడు గానీ, బావమరిది కోసం చేతి మీది సార్జెంటు పట్టీలు తనే పీకి బల్ల మీద పెట్టేవాడు ఉంటాడా?"

ఆమె చొక్కా గుండీలు తనే పెట్టడం మొదలుపెట్టింది. పై గుండీ దగ్గర ఆగింది. ఆ పట్టీలు చొక్కాకి కుట్టింది ఆమే. "పోతే పోనివ్వండి. మళ్ళీ కుట్టే పని తప్పుతుంది. నా భయం అది కాదు."

"మరేంటి?"

"మీ నోరు. ఇంట్లో నేను చెప్పినదానికి సరే అంటారు, ఒక్కటీ చెయ్యరు. అక్కడ వాళ్ళు చెప్పినదానికీ సరే అంటారు, అన్నీ చేస్తారు. ఇవాళైనా ఆ రెండూ తారుమారు చెయ్యండి."

"సరే," అన్నాడు మోకు. ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు.

*

సాక్ష్యానికి ఇంకా టైముంది. మోకు తాళ్ళ షెడ్డుకి పోయాడు. ఆయనకి లోకంలో అంత ఇష్టమైన చోటు ఇంకోటి లేదు. దూలాల మీద ఆరేసిన తాళ్ళు, తాళ్ళకి పూసే తారు వాసన, తడి నార వాసన, రేకుల సందుల్లోంచి చారలు చారలుగా పడే ఎండ. ఏట్లోంచి తీసిన తాడొకటి మధ్యలో తెగి ఉంటే, చెక్క మేకుతో పేటలు విడదీసి అతుకు వేస్తూ కూర్చున్నాడు. జట్టువాళ్ళు నలుగురూ చుట్టూ చేరి తలో పనీ చేస్తున్నారు.

"పెద్దాయనా, నీ పట్టీలు ఊడితే ఎవరికిస్తారో?" అన్నాడు బక్కోడు. జట్టులోకెల్లా లావుపాటి మనిషి గనక అందరూ వాణ్ణి బక్కోడంటారు.

"నీకైతే ఇవ్వరు. నీ చేతికి చుట్టు సరిపోవు."

అందరూ నవ్వుతుండగానే షెడ్డు గుమ్మం చీకటి పడింది. కర్నల్ గారు. ఆయన తాళ్ళ షెడ్డుకి రావడం ఈమధ్య ఎవరూ ఎరగరు. జట్టువాళ్ళు లేచి సెల్యూట్ చేసి, పడవ బోర్లించి ఉన్న వైపుకి జారుకున్నారు. పడవ వెనక్కి అయితే పోయారు గానీ చెవులు మాత్రం ఇక్కడే వదిలేసి వెళ్ళారు.

కర్నల్ గారు తాటి మొద్దంత ఉన్న తాడుచుట్ట మీద కూర్చున్నారు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే మోకుకి పని తేలికయ్యేది.

"కూర్చో మోకూ. పని ఆపకు. ఆ అతుకు చూస్తుంటే ముచ్చటగా ఉంది."

"ఏట్లో తెగింది సార్."

"మీవాడికెలా ఉంది?"

"ఆసుపత్రిలో తాడు బాగా కట్టలేదని తగువు పడుతున్నాడు సార్. అంటే బాగున్నట్టే."

కర్నల్ గారు నవ్వారు. ఆయన కుర్రతనంలో ఈ దళానికి కొత్తగా వచ్చినప్పుడు, మొదటి వంతెన మీద "సిద్ధం" అని, లారీకి ముందు నడిచాడు. మధ్యలో అడుగు తప్పి ఏట్లో పడితే కాలర్ పట్టుకుని లాగింది మోకు. అప్పుడాయన చొక్కా పిండుకుంటూ మళ్ళీ వంతెనెక్కి, మిగతా సగం కూడా నడిచి మరీ దిగాడు. ఆ సాయంత్రం నుంచి మోకుకి ఆయనంటే ప్రాణం.

"నాకు పై పదవి వచ్చే సమయం," అన్నారు కర్నల్ గారు, తాడుని చూస్తూ. "నీకు తెలుసు. ఈ విచారణ నా మీదికి వస్తే అంతటితో సరి. కెప్టెన్ మీదికి పోతే కుర్రాడి బతుకు మొదట్లోనే పాడవుతుంది. నీ మీదికి వస్తే ఇన్నేళ్ళ నీ పేరు పోతుంది. నీ బావమరిది మీదికి పోతే... ఆలోచించు. ఎలాగూ వాడి కాలు మళ్ళీ లారీ తోలడానికి పనికిరాదు. మందలించి వదిలేస్తారు. ఆఫీసులో కూర్చునే పని నేనే వేయిస్తాను. వాడికి నష్టం లేదు, మనకెవ్వరికీ నష్టం లేదు."

"వాడు స్పీడు తోలలేదు సార్."

"నాకు తెలుసు."

ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నారంటే, మోకు చేతిలో మేకు ఆగిపోయింది.

"నేను కెప్టెన్‌గా ఉన్నప్పుడు మా పైవాడు చేసినది నా నెత్తిన రుద్దారు," అన్నారు కర్నల్ గారు. "నేను నోరెత్తలేదు. మోశాను. తర్వాత వాళ్ళే నన్ను పైకి తెచ్చారు. ఇది ఇలాగే నడుస్తుంది మోకూ. కిందివాడు మొయ్యాలి, పైవాడు వాణ్ణి గుర్తుపెట్టుకోవాలి. నేను గుర్తుపెట్టుకుంటాను."

మోకు చెప్పదలుచుకున్న మాటలు నోటిదాకా వచ్చాయి. 'సార్, ఆరోజు మీరు చొక్కా పిండుకుని మళ్ళీ వంతెన ఎక్కారు చూశారా, నేను గుర్తుపెట్టుకున్నది అదీ.' అందామనుకున్నాడు. నాలిక చివరే ఉంది. ఈలోగా కర్నల్ గారు లేచి, భుజం మీద చెయ్యివేసి, "గంటలో కలుద్దాం. స్పీడు అన్న ఒక్క మాట చాలు. సరేనా?" అన్నారు.

"సరే సార్," అంది మోకు నోరు.

మోకు అనలేదు. నోరు అంది. మడమలు కూడా వాటంతటవే దగ్గరికి చేరి టక్కుమన్నాయి. కర్నల్ గారు తేలికపడ్డ మొహంతో టోపీ పెట్టుకుని, బయట ఎండలోకి వెళ్ళిపోయారు.

పడవ వెనక నుంచి జట్టువాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ఎవరూ మోకు మొహం చూడలేదు. ఎవరి పని వాళ్ళు మొదలుపెట్టారు. బక్కోడు మాత్రం ఆయన వదిలేసిన అతుకు చేతిలోకి తీసుకుని, "సరే అన్నావా పెద్దాయనా?" అన్నాడు మెల్లగా. అందులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది.

"నేననలేదురా."

"మరెవరన్నారు? నీ చొక్కా అందా?"

మోకు బయటికి నడిచాడు. పొద్దుటి హాయి ఎటుపోయిందో పోయింది. దారి పొడుగునా తన నోటిని తనే తిట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళ పైన ఒకే మాట నేర్పారు దానికి. కుక్కకి నేర్పినట్టు నేర్పారు. విజిల్ వేస్తే చాలు, అది లేచి నిలబడుతుంది. మధ్యలో తన ప్రమేయమే లేదు.

*

విచారణ గదిలో పొడుగు బల్ల, దాని వెనక వేరే దళం నుంచి వచ్చిన మేజరు గారు. నడివయసు ఆవిడ. కళ్ళద్దాలు దారానికి కట్టి మెళ్ళో వేసుకుంటుంది. మాట్లాడేటప్పుడు పెట్టుకోదు, వినేటప్పుడు పెట్టుకుంటుంది. బల్లకి ఒక పక్క కర్నల్ గారు, కెప్టెన్. గోడవార మిగతావాళ్ళు. ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. ఊరికే కూర్చున్నవాళ్ళు టోపీ తీసి ఎదురుగా బల్ల మీదో ఒళ్ళోనో పెట్టుకోవాలి. సాక్ష్యం చెప్పేవాళ్ళు నెత్తిన పెట్టుకుని, బల్ల ముందుకు నడిచి నిలబడాలి.

మోకు టోపీ పెట్టుకుని నిలబడ్డాడు. మేజరు గారు కళ్ళద్దాలు పెట్టుకుంది.

"తాళ్ళ జట్టు మీదేనా?"

"నాదే మేడమ్."

"డ్రైవరు మీకు బంధువా?"

"నా భార్య తమ్ముడు."

ఆవిడ తలాడించింది. "లారీ వంతెన మీదికి వేగంగా వచ్చిందని కెప్టెన్ గారు నిన్న చెప్పారు. మీరు ఎగువ ఒడ్డున ఉన్నారు కాబట్టి చూసి ఉంటారు. అది నిజమని రాసుకోమంటారా?"

కర్నల్ గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. కెప్టెన్ తన టోపీ అంచు గిల్లుకుంటున్నాడు.

"స..." అంది నోరు.

మోకు రెండు పెదాలూ పళ్ళతో నొక్కి పట్టుకున్నాడు. నొప్పి పుట్టింది. మేజరు గారు విచిత్రంగా చూసింది.

"ఏమన్నారు?"

"సరే అనబోయాను మేడమ్. అలవాటు. నాక్కాస్త టైమివ్వండి, అది పోయాక మాట్లాడతాను."

గోడవార ఎవరో కిసుక్కుమని, నోరు మూసుకున్నారు. మేజరు గారు నవ్వలేదు. "తీసుకోండి," అంది.

మోకు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ తర్వాత మాటలు తాడు చుట్ట విప్పినట్టు వాటంతటవే వచ్చాయి.

"బండి వేగంగా రాలేదు. మనిషి నడక మీద వచ్చింది. వంతెన విరిగింది బండి వల్ల కాదు, నా వల్ల. ఎగువ తాళ్ళు వదులు చేసింది నేను. చేస్తే ఏమవుతుందో తెలిసి చేశాను. తెలియక చేశాననుకుంటే నా మీద జాలి పడతారు, అది వద్దు. వద్దు అనడానికి నాకు నోరుంది, టైముంది. 'సరే' అన్నాను. మా బావమరిది తొడ విరిగింది ఆ సరేతో. కాబట్టి రాసుకుంటే ముందు ఇది రాసుకోండి."

చెప్పేశాక మోకుకి తన చేతులు తేలికైనట్టు అనిపించింది. బరువు దింపాక చేతులు వాటంతటవే పైకి లేస్తాయే, అలా. పొద్దుటి హాయి తిరిగొచ్చి పక్కనే నిలబడింది. పట్టీలు పోతాయి. పోనీ. ఇల్లాలికి కుట్టే పని తప్పుతుంది.

మేజరు గారు కళ్ళద్దాలు తీసింది. "వదులు చెయ్యమని మీకు చెప్పిందెవరు?"

"నాకు చెప్పింది కెప్టెన్ గారు. ఆయనకి ఎవరు చెప్పారో ఆయన చెప్పాలి. నా వాటా నేను చెప్పుకున్నాను మేడమ్. ఇంకొకరి వాటా మొయ్యడానికి రాలేదు, పంచడానికీ రాలేదు."

"మీ దళంలో, సిద్ధం అన్నవాళ్ళు బండికి ముందు నడుస్తారని విన్నాను. ఆరోజు ఎవరు నడిచారు?"

"ఎవరూ నడవలేదు."

"సిద్ధం అన్నదెవరు?"

"మైకులో అన్నారు మేడమ్. ఏట్లో చేపలు కూడా విన్నాయి. ఆ గొంతు ఎవరిదో ఈ గదిలో తెలియంది మీ ఒక్కరికే. ఆ గొంతు గలవాళ్ళు ఇక్కడే ఉండగా నేను మధ్యలో చెప్పడం మర్యాద కాదు."

ఎవరో దగ్గబోయి మింగేశారు. తర్వాత ఒక కుర్చీ కిర్రుమంది.

మోకు ఆశగా తిరిగి చూశాడు. లేచింది కెప్టెన్.

కుర్రాడి మొహం సున్నం కొట్టినట్టుంది. టోపీ నెత్తిన పెట్టుకున్నాడు, అదీ పక్కకి ఒరిగింది. మోకు పక్కకి వచ్చి నిలబడ్డాడు. "మేడమ్, నేను నిన్న చెప్పింది అబద్ధం. లారీ వేగంగా రాలేదు. సాపు చెయ్యమన్నది నేను." బల్ల వైపు ఇంకో అడుగు వేశాడు. "సిద్ధం అన్నదీ నేనే."

మొదటి రెండూ విని మోకుకి కుర్రాణ్ణి కావిలించుకోవాలనిపించింది. మూడోది విని చెంప పగలగొట్టాలనిపించింది. ఓరి పిచ్చి నాయనా! ఒక అబద్ధం దింపి ఇంకోటి ఎత్తుకున్నావా? ఇదేగా ఈ దళంలో తరతరాలుగా నేర్పుతున్నది, మొయ్యి, గుర్తుపెట్టుకుంటామని.

"మైకులో వినపడింది మీ గొంతేనా?" అంది మేజరు గారు.

"నాదే మేడమ్."

"మరి మీరెందుకు ముందు నడవలేదు?"

కెప్టెన్ నోరు తెరిచాడు. మోకు వైపు చూశాడు. ఆరోజు లారీ కదిలినప్పుడు ఆయన మైకుకి దూరంగా, ఏటి ఒడ్డున, మోకాళ్ళ లోతు నీళ్ళలో, మోకు పక్కనే ఉన్నాడు.

అందరి చూపూ నెమ్మదిగా బల్ల పక్కకి తిరిగింది. కర్నల్ గారు ఇప్పుడు కిటికీ వైపు చూడటం లేదు. పక్కనే ఖాళీ అయిన కెప్టెన్ కుర్చీని చూస్తున్నారు. తర్వాత ఆయన చెయ్యి బల్ల మీదున్న టోపీ దగ్గరికి వెళ్ళింది.

ఆ గదిలో టోపీ పెట్టుకునేది రెండు పనులకే. ఒకటి, సాక్ష్యం చెప్పడానికి. రెండోది, గదిలోంచి వెళ్ళిపోవడానికి. ఆయన హోదాకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. లేచి తలుపు తీసుకుని వెళ్ళిపోతే, కెప్టెన్ అన్న మూడో మాట నిజమై కూర్చుంటుంది.

టోపీ పెట్టుకున్నారు. రెండు చేతులతో సరిచేసుకున్నారు. లేచారు.

మోకు ఆయన మొహం చూడలేదు. చూడబుద్ధి కాలేదు. బూట్లు చూశాడు. ఒకప్పుడు తను కాలర్ పట్టి లాగిన రోజున, నీళ్ళు కారుతూ, కిచకిచమంటూ మళ్ళీ వంతెన ఎక్కిన బూట్లు. ఇప్పుడు అద్దాల్లా మెరుస్తున్నాయి. వాటికి ఎడం పక్కన తలుపు. కుడి పక్కన సాక్షులు నిలబడే చోటు, అక్కడ పక్కకొరిగిన టోపీతో ఒక కుర్రాడు.

కుడి కాలి బూటు నేల మీంచి లేచింది.